గూళ్ల మార్కెట్లో విదేశాంగం

అనంతపురం జిల్లా రాజకీయాల ముచ్చట మొదలైతే ఎక్కడో ఒకచోట ఈ మాట వస్తుంది: బంగ్లాదేశ్ యుద్ధం గెలిచిన ఊపులో ఇందిరాగాంధీ 1971 ఎన్నికల్లో దేశాన్ని ఊడ్చేశారని, ఆ ఊపుకే నీలం సంజీవరెడ్డి అంతటివారు సొంత జిల్లాలో ఓడిపోయారని. వినడానికి బాగానే ఉంటుంది, తేదీలే ఒప్పుకోవు. ఆ లోక్‌సభ ఎన్నికల పోలింగు మార్చి మొదటి పది రోజుల్లో ముగిసింది. ఢాకాలో పాకిస్తాన్ సైన్యం జనం మీద పడింది మార్చి 25 రాత్రి. మన సైన్యం నేరుగా యుద్ధంలోకి దిగింది డిసెంబరు 3న, ఢాకా లొంగింది 16న. సంజీవరెడ్డిని అనంతపురంలో ఓడించిన ఓటరుకు అలాంటి యుద్ధం ఒకటి రాబోతుందనే సంగతే తెలియదు. ఆయన సంస్థా కాంగ్రెస్ తరఫున నిలబడ్డారు. ఎదుటి ఇందిర పక్షం చేతిలో గరీబీ హటావో నినాదం ఉంది. మాజీ ముఖ్యమంత్రిని, మాజీ స్పీకరును పడగొట్టింది పేదరికం గురించిన మాట. తొమ్మిది నెలల తర్వాత వచ్చిన విజయాన్ని వెనక్కి జరిపి ఆ ఓటుపెట్టెలో వేసింది మాత్రం మన జ్ఞాపకం.

ఈ పొరపాటును తప్పుడు తేదీ అని కొట్టేసి ఊరుకోవచ్చు. కానీ దాని వెనక ఒక నమ్మకం ఉంది. పార్లమెంటు ఎన్నిక అంటే జనం దేశనాయకులను, వారి విదేశాంగ విధానాన్ని, యుద్ధంలో వారి గుండెధైర్యాన్ని తూచే సందర్భమని. అలా తూచనివాళ్లకు ఊరు దాటి చూపు పోదని. రామగిరి, పెనుకొండ, ధర్మవరం, హిందూపురం కలిసిన ఈ కరువు సీమ మీద ఆ రెండో మాట ముద్రగా బలంగానే పడింది. రామగిరి పేరు చెబితే రాష్ట్రంలో ఎక్కువమందికి గుర్తొచ్చేది ఫ్యాక్షన్. యుద్ధమంటే ఇక్కడ రెండు వర్గాల మధ్య జరిగేదే అన్నట్టు పత్రికలు ఏళ్ల తరబడి రాశాయి. ఈ ముద్ర సగమే నిజం. ఢిల్లీ చేసిన యుద్ధాలు ఇక్కడి ఓటును యుద్ధం రూపంలో కదిలించిన దాఖలా దాదాపు లేదు, అది ఒప్పుకోవాలి. కానీ బయటి ప్రపంచం ఈ ఊళ్లకు రాకుండా లేదు. అది తిండిగింజగా, బంగారంగా, పట్టునూలుగా, వంటనూనెగా, ధర రూపంలో వచ్చింది. వచ్చినదాన్ని జనం తూచారు కూడా. ఎన్నికల సభల్లో దానికి ఎవరూ విదేశాంగమనే పేరు పెట్టలేదు గనక ఫలితాల పట్టికలో దాని ఆనవాలు కనబడదు.

ముందు పాత లెక్క. యుద్ధం ఈ నేలకు కొత్త కాదు. 1565 జనవరిలో తళ్లికోట దగ్గర విజయనగర సైన్యం కూలిపోయాక తిరుమలరాయలు రాజధానిని ఎత్తుకొచ్చి పెట్టింది పెనుకొండలోనే. అప్పటిదాకా రాజులు విడిదికి వచ్చే దుర్గం ఒక్కసారిగా సరిహద్దు కోట అయింది. గోల్కొండ సైన్యాలు దాని కింద దిగాయి. కొన్ని దశాబ్దాలకు రాజధాని చంద్రగిరికి తరలింది. ఆ తర్వాత బిజాపూర్, మరాఠాలు, హైదర్, టిప్పు ఒకరి వెనక ఒకరు వచ్చి కప్పం అడిగారు. చివరికి 1800లో నిజాం తన దగ్గర ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద ఈ తాలూకాలన్నిటినీ ఒక ఒప్పందంతో ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చేశాడు. దత్తమండలాలనే పేరే ఒక విదేశాంగ ఒప్పందం పెట్టిన పేరు. యుద్ధం గడపలోకి వచ్చిన ఆ రెండు శతాబ్దాల పైచిలుకు కాలంలో ఇక్కడి రైతును ఎవరూ ఏమీ అడగలేదు. అడిగే రోజులు వచ్చేసరికి యుద్ధం వెళ్లి హిమాలయాల్లో కూర్చుంది. ఈ తిరకాసు గుర్తుంచుకుంటే తర్వాతి ఎన్నికలు కొంచెం వేరుగా కనిపిస్తాయి.

1952 జనవరిలో ఇక్కడ మొదటి సాధారణ ఎన్నికలు. అప్పట్లో లోక్‌సభ నియోజకవర్గం పేరు పెనుకొండ. హిందూపురం పేరు 1957 నుంచే. పెనుకొండ పంపింది కాంగ్రెస్ మనిషిని కాదు, కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ అభ్యర్థి కె.ఎస్. రాఘవాచారిని. అదే ఎన్నికల్లో మద్రాసు శాసనసభకు అనంతపురం స్థానంలో తరిమెల నాగిరెడ్డి జైల్లో ఉండి గెలిచారు. ఓడింది స్వయానా ఆయన బావ సంజీవరెడ్డి. ఇద్దరికీ యుద్ధానికి సంబంధించిన చరిత్ర ఉంది. రెండో ప్రపంచయుద్ధం దేశం మీద వేసే ఆర్థిక భారం గురించి పుస్తకం రాసినందుకు నాగిరెడ్డి 1940లో జైలుకు వెళ్లారు. రెండేళ్లకు ఆయన కమ్యూనిస్టు పార్టీ అదే యుద్ధాన్ని ప్రజాయుద్ధమని సమర్థించింది. సంజీవరెడ్డి ఆ యుద్ధకాలంలో ఎక్కువ భాగం జైళ్లలోనే గడిపారు. దేశభక్తి కొలతతో తూస్తే కాంగ్రెస్ అభ్యర్థి వైపే ముల్లు మొగ్గాలి. మొగ్గలేదు. ఎందుకో తెలియాలంటే ఆ ఏడు రాయలసీమలో తెరిచిన గంజికేంద్రాలను చూడాలి. వరస కరువులు, రేషను, ధాన్యం కంట్రోళ్ల మధ్య జరిగిన ఎన్నిక అది.

అయితే ఆ గంజి వెనక ప్రపంచ రాజకీయం లేదనుకుంటే పొరపాటు. 1951లో భారతదేశం అమెరికాను 20 లక్షల టన్నుల ధాన్యం అడిగింది. కొరియా యుద్ధంలో నెహ్రూ తీసుకున్న వైఖరి వాషింగ్టన్‌లో చాలామందికి మింగుడు పడలేదు. బిల్లు నెలల తరబడి నలిగింది. చివరికి జూన్‌లో 19 కోట్ల డాలర్ల అప్పుగా అది మంజూరైంది. కొరియాలో ఎవరి పక్కన నిలబడాలనే ప్రశ్నకూ, ఇక్కడి రేషను దుకాణంలో కొలిచే గింజకూ మధ్య దారం అంత సూటిగా ఉంది. పెనుకొండ ఓటరు ఆ దారం కొసను, అంటే కొలతగిన్నెను, చూశాడు. అవతలి కొసను చూపించిన ఉపన్యాసకులు తక్కువ. చూపించాలని జీవితమంతా ప్రయత్నించిన ఒకరిద్దరిలో నాగిరెడ్డి ఉన్నారు. 1957లో అనంతపురం ఆయన్నే లోక్‌సభకు పంపింది. తర్వాత తన మీద పెట్టిన కుట్ర కేసులో కోర్టు ముందు పెట్టిన వాంగ్మూలంలో, విదేశీ అప్పులూ పెట్టుబడీ దేశాన్ని ఎలా తాకట్టు పెట్టాయో లెక్కలతో వాదించారు. ఆయన తీర్పులన్నిటితో ఏకీభవించనక్కరలేదు. కానీ విదేశాంగాన్ని పొయ్యి మీది కుండతో కలిపి చదివిన మనిషి ఈ జిల్లాలోనే పుట్టాడన్నది, ఇక్కడివాళ్ల చూపు ఊరు దాటదనే మాటకు మొదటి జవాబు.

రెండో జవాబు బంగారంలో ఉంది, రామగిరికి సూటిగా తగిలేది అదే. రామగిరి కొండల కింద బంగారు రాయి ఉందని జనానికి ఎప్పటినుంచో తెలుసు. ఇరవయ్యో శతాబ్దం మొదటి పాదంలో ఇంగ్లీషు కంపెనీలు ఇక్కడ గనులు తవ్వి, ఆపేసి వెళ్లిపోయాయి. స్వాతంత్య్రం తర్వాత ప్రభుత్వ రంగంలోని భారత్ గోల్డ్ మైన్స్ మళ్లీ తవ్వింది. ఆ సంస్థే 2001లో మూతపడింది. ప్రపంచ మార్కెట్లో ఔన్సు బంగారం 270 డాలర్ల చుట్టూ తిరుగుతున్న రోజులవి. యుద్ధాలూ భయాలూ పెరిగినప్పుడల్లా బంగారం ధర ఎన్ని రెట్లు ఎగబాకిందో ఆ తర్వాత అందరూ చూశారు. కానీ నీళ్లు నిండిన గని గోతికి ఆ సంగతి చెప్పి ప్రయోజనం లేదు.

ఇంతకన్నా గట్టి దెబ్బ ముందే ఒకటి తగిలింది. 1962 అక్టోబరు, నవంబరుల్లో చైనాతో జరిగిన యుద్ధం ఈ కొండల దాకా రాలేదు, ఆ మాట నిజం. 1963 జనవరిలో మొరార్జీ దేశాయి తెచ్చిన బంగారం నియంత్రణ మాత్రం వచ్చింది. 14 క్యారెట్లకు మించిన నగ చేయకూడదన్నారు. యుద్ధం ఖర్చుకు విదేశీ మారకం కావాలి. దొంగరవాణా బంగారం ఆ మారకాన్ని తినేస్తోంది. కాబట్టి జనానికి బంగారం మీద మోజు తగ్గించాలని సర్కారు లెక్క. లెక్క ఢిల్లీలో కుదిరింది గానీ కంసాలి కుంపటి దగ్గర కుదరలేదు. మంగళసూత్రంలో సగానికి దగ్గరగా రాగీ వెండీ కలపమంటే ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది? దేశమంతా లక్షల మంది స్వర్ణకారులు పని పోగొట్టుకున్నారు. ఆ నిబంధన కొన్నేళ్లకే సడలింది. నియంత్రణ చట్టం మాత్రం 1990 దాకా బతికింది. మన ఊళ్లలో చైనా యుద్ధం అంటే నిజంగా ఏమిటో చెప్పమంటే, మెక్‌మహాన్ రేఖ కన్నా ముందు ఆరిన కుంపటిని చూపించాలి.

మరి ఆ యుద్ధం తర్వాత జరిగిన ఎన్నికలో ఏమైంది? 1967 నాటికి రెండు యుద్ధాలు, రెండేళ్ల అనావృష్టి, 1966 జూన్ నాటి రూపాయి విలువ తగ్గింపు, వియత్నాం మీద మన విమర్శకు అలిగి అమెరికా అధ్యక్షుడు జాన్సన్ గోధుమను ఓడ తర్వాత ఓడగా ఆచితూచి వదలడం, అన్నీ కలిసి వచ్చాయి. ఉత్తరాదిన కాంగ్రెస్ రాష్ట్రాలకు రాష్ట్రాలే పోగొట్టుకుంది. హిందూపురం మాత్రం సంజీవరెడ్డిని పంపింది. రాష్ట్రంలో 41 స్థానాల్లో 35 కాంగ్రెస్‌వే. దీన్ని బట్టి ఇక్కడివాళ్లు విదేశాంగాన్ని మెచ్చుకున్నారనడం ఎంత తప్పో, పట్టించుకోలేదనడం అంతే తప్పు. సొంత జిల్లా మనిషి, రెండుసార్లు ముఖ్యమంత్రి, కేంద్రంలో ఉక్కు గనుల శాఖ చూసినవాడు నిలబడ్డప్పుడు జనం లెక్క వేరేగా ఉంటుంది: ఢిల్లీలో మన గోడు చెప్పే గొంతు ఇతనికి ఉందా లేదా అన్నదే. అదే జనం, అదే మనిషిని, నాలుగేళ్లకు పక్క స్థానంలో ఓడించారు. సొంతవాడనే అభిమానం కూడా ఇక్కడ గుడ్డిది కాదు.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. 1971లో గాలి వీస్తే కొట్టుకుపోయారు కదా, అంటే దేశమంతా ఎటో వీళ్లూ అటే కదా అని. 1977 దీనికి అడ్డు నిలుస్తుంది. ఎమర్జెన్సీ తర్వాత ఉత్తరాది కాంగ్రెస్‌ను తుడిచిపెడితే ఆంధ్రప్రదేశ్ 42లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. జనతా గెలిచిన ఒకే ఒక్క స్థానం నంద్యాల. గెలిచింది మన సంజీవరెడ్డే, కొన్ని నెలలకు రాష్ట్రపతి అయ్యారు. హిందూపురం మాత్రం పాత కాంగ్రెస్ సభ్యుడు బాయపరెడ్డినే ఉంచుకుంది. 1984 ఇంకా గట్టి సాక్ష్యం. ఆ డిసెంబరులో ఇక్కడ శాసనసభ ఎన్నికలు లేవు. రోడ్డు, బోరు, పంచాయితీ లాంటి మాటలు కలగలవని, దేశం కోసమే వేసే ఓటు అది. ప్రధాని హత్యకు గురై రెండు నెలలు కాలేదు. దేశం ముక్కలవుతుందనే భయం ప్రతి పోస్టరు మీదా ఉంది. కాంగ్రెస్‌కు నాలుగు వందలకు పైగా స్థానాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం 30 గెలిచింది. అనంతపురం, హిందూపురం రెండూ ఆ లెక్కలోవే. ఆగస్టులో ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని పడగొట్టి నెల తిరిగేసరికి మళ్లీ కూర్చోబెట్టాల్సి వచ్చిన సంగతి జనం మరిచిపోలేదు. వీళ్లు ఢిల్లీని తూచారు, దేశనాయకత్వాన్నీ తూచారు. పక్కదేశంతో ఎలా ఉంటుందన్నది కాక, తన సొంత రాష్ట్రంతో ఢిల్లీ ఎలా నడుచుకుంటుందన్నది ఆ తక్కెడలో రాయి అయింది.

కార్గిల్ సంగతేమిటని అడగవచ్చు. 1999 మే నుంచి జులై దాకా యుద్ధం, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎన్నికలు. 1998లో హిందూపురం, అనంతపురం రెండూ కాంగ్రెస్‌వి. 1999లో రెండూ తెలుగుదేశానికి పోయాయి. రాష్ట్రంలో తెలుగుదేశం 12 నుంచి 29కి ఎగబాకింది, తోడుగా బీజేపీ 7. యుద్ధం గెలిచిన వాజపేయి గాలి అనడానికి ఇంతకన్నా చక్కని పట్టిక దొరకదు. కానీ 1998లో బీజేపీ తెలుగుదేశంతో లేదు. విడిగా దాదాపు 18 శాతం ఓట్లు చీల్చుకుంది. ఏడాదిన్నర తిరిగేసరికి ఇద్దరూ ఒకటయ్యారు. కూడికతోనే ఫలితం చాలావరకు వచ్చేస్తుంది. పైగా అదే రోజు వేసిన శాసనసభ ఓటులో తెలుగుదేశం 1994లో ఉన్న 216 నుంచి 180కి తగ్గింది. కార్గిల్ ప్రభావం సున్నా అని నేను అనను. పట్టణాల్లో, కుర్రకారులో కొంత పనిచేసే ఉంటుంది. కానీ గెలుపును దాని ఖాతాలో రాయడం, 1971ని బంగ్లాదేశ్ ఖాతాలో రాయడం లాంటిదే. కాకపోతే ఈసారి తేదీలు కలిసొచ్చాయి. 2019 ఆ అనుమానమూ తీర్చేసింది. ఫిబ్రవరి 14న పుల్వామా, 26న బాలాకోట్, ఏప్రిల్ 11న ఇక్కడ పోలింగు. దేశంలో బీజేపీకి 303 స్థానాలు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పార్టీ ఓటు ఒక్క శాతానికి చేరలేదు. నోటాకు అంతకన్నా ఎక్కువ పడ్డాయి. ప్రత్యేక హోదా ఇవ్వలేదన్న కోపం ముందు యుద్ధవిమానాలు పనిచేయలేదు. హిందూపురం గెలిచింది వైఎస్సార్ కాంగ్రెస్.

ఇక్కడ జాతీయ పార్టీలకు బలం లేదు, ఎంచుకునేందుకు ఏముందని మరో వాదం. బలం ఎందుకు లేదో ఆ వాదం చెప్పదు. బయటి ప్రపంచం ఈ ఊళ్లకు ఏ దారిన వస్తుందో తెలుసుకుని, ఆ దారిలో నిలబడి మాట్లాడిన జాతీయ నాయకులు అరుదు. ఆ దారి పట్టునూలుది. దీన్ని కొంచెం దగ్గరగా చూడాలి.

హిందూపురం చుట్టూ మల్బరీ తోటలు. పట్టుపురుగు గుడ్డు పగిలిన దగ్గర్నుంచి నెలకు కాస్త తక్కువ రోజులు ఆకు తింటుంది. మధ్యలో నాలుగుసార్లు మేత మానేసి, కుబుసం విడుస్తుంది. ఆ దశలను రైతులు జ్వరాలంటారు: ఒకటో జ్వరం, రెండో జ్వరం. నాలుగో జ్వరం దాటాక పురుగు తినే తిండికి ఇల్లంతా వాన పడ్డట్టు చప్పుడు. పండిన పురుగులను ఏరి చంద్రికలనే తట్టల మీద వేస్తే మూడు నాలుగు రోజుల్లో గూడు కడతాయి. అక్కడి నుంచి రైతు చేతిలో గడియారం తిరుగుతుంది. రోజులు గడిస్తే లోపలి పురుగు రెక్కల పురుగై గూడు చీల్చుకుని వస్తుంది. చీలిన గూడు నుంచి దారం తీయలేరు. కాబట్టి గూళ్లను ధర బాగున్నదాకా దాచుకోవడం ఉండదు. మార్కెట్లో ఆ పొద్దు ఎంత పలికితే అంతే. కర్ణాటకలోని రామనగర మార్కెట్ ధర హిందూపురం ధరను నడుపుతుంది. రామనగర ధరను చైనా నడుపుతుంది. ప్రపంచంలో తయారయ్యే ముడిపట్టులో పెద్ద వాటా చైనాదే. అక్కడి నూలు మీద మన సర్కారు వేసే దిగుమతి సుంకం ఎంత అన్నదే ఇక్కడి గూటి ధర.

అవతల ధర్మవరంలో లెక్క తలకిందులు. పెద్దంచు జరీ చీర నేసే మగ్గానికి ముడిపట్టు చవగ్గా రావాలి. నూలు ధర పెరిగితే మాస్టర్ వీవర్ కూలి కోస్తాడు. ఇంకా పెరిగితే మగ్గం ఆగిపోతుంది. అందుకే ధర్మవరంలో ఎన్నికల మాట ముడిపట్టు రాయితీ. అంటే ఒకే లోక్‌సభ నియోజకవర్గంలో ఒకే సుంకం మీద రెండు పట్టణాలకు రెండు ప్రార్థనలు. 2003లో చైనా ముడిపట్టు మీద యాంటీ డంపింగ్ సుంకం వేస్తే హిందూపురం ఊపిరి పీల్చుకునే కబురు, ధర్మవరానికి గుండె దడ. 2011 బడ్జెట్‌లో దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5కు దించారు. గూళ్ల ధర పడింది. కర్ణాటకలో పట్టు రైతులు రోడ్డెక్కారు. 2013లో దాన్ని 15 శాతం చేశారు. చైనాతో మన సంబంధం ఎలా ఉండాలన్న ప్రశ్న లద్దాఖ్‌లో ఒక రకంగా, ఇక్కడ మరో రకంగా ఉంటుంది. ఇక్కడ దానికి ఒకే జవాబు కూడా లేదు. పెంచమనేవాడూ తగ్గించమనేవాడూ ఒకే ఎంపీకి ఓటు వేయాలి.

అది వాణిజ్యం, విదేశాంగం ఎలా అవుతుందని అడిగేవారికి వేరుశనగ జవాబు చెబుతుంది. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, ఎర్రనేలలో, శనక్కాయ తప్ప దిక్కులేక తరాలు గడిచాయి. 2008లో ముడి పామాయిల్ మీద సుంకం సున్నా చేసి, దాదాపు అయిదేళ్లు అలాగే ఉంచారు. చౌక నూనె వచ్చి పడుతుంటే గింజకు ధర ఎక్కడి నుంచి వస్తుంది? ఆ తర్వాత కశ్మీరు మీద మలేసియా ప్రధాని మహతిర్ చేసిన వ్యాఖ్యలు ఢిల్లీకి నచ్చలేదు. 2020 జనవరిలో శుద్ధి చేసిన పామాయిల్ దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టారు. ప్రతీకారమని సర్కారు నోట అనలేదు గానీ వ్యాపారులందరూ అలాగే అర్థం చేసుకున్నారు. కశ్మీరు గురించి మలేసియా ప్రధాని అన్న మాట ధర్మవరం నూనె కొట్టు దాకా నడిచొచ్చిన దారి అది. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా దాడితో పొద్దుతిరుగుడు నూనె ధర ఎగిసినప్పుడు ఆ దారి వంటింటికీ తెలిసింది.

ఇంకొక అభ్యంతరం ఉంది, దాన్ని లెక్కలతో తోసేయకూడదు. యుద్ధమంటే ధరలేనా, ప్రాణాలు కావా? 2025 మేలో, ఆపరేషన్ సిందూర్ తర్వాత సరిహద్దులో జరిగిన కాల్పుల్లో గోరంట్ల మండలంలోని ఒక తండా నుంచి వెళ్లిన జవాను చనిపోయాడు. ఆ తండాకు యుద్ధం దూరపు కబురు కాదు. కరువు సీమ నుంచి సైన్యంలో చేరేవారు ఎప్పుడూ ఉన్నారు. ఒక్కో శవపేటిక వచ్చినప్పుడు ఊరికి ఊరే రోడ్డు మీద నిలబడింది. కానీ ఆ కన్నీటిని ఓటుగా లెక్కపెట్టడం ఒక పని, ఆ కుర్రాడు సైన్యంలోకి ఎందుకు వెళ్లాల్సి వచ్చిందని అడగడం మరో పని. సాగుకు నీరు లేని తండాలో నెలజీతమిచ్చే కొలువుల్లో సైన్యం ఒకటి. దేశభక్తినీ బతుకుతెరువునూ విడదీసి చూడటం ఆ ఇళ్లలో ఎవరికీ సాధ్యం కాదు, మనం బయటి నుంచి విడదీయడం మర్యాద కూడా కాదు.

ప్రపంచం ధరగా వస్తే జనం ఓటుతో బదులిస్తారని నేను చెబుతున్నానా? అలా చెప్పడానికి పెనుకొండే ఒప్పుకోదు. తిరుమలరాయలు తలదాచుకున్న కోటకు కొద్ది దూరంలో, ఎర్రమంచి దగ్గర కొరియా కంపెనీ కియా 110 కోట్ల డాలర్ల కార్ల కర్మాగారం పెట్టింది. 2019 జనవరిలో తొలి కారు బయటికొచ్చింది. విదేశీ పెట్టుబడి తెచ్చామని అప్పటి పాలకపక్షం ఊరూరా చెప్పుకుంది. మూడు నెలలకు పెనుకొండలో అదే పక్షం ఓడిపోయింది. 2011 సుంకం తగ్గింపుకు 2014లో ఎవరూ జవాబు చెప్పలేదు. రాష్ట్ర విభజన మంటలో ఆ మాట ఎత్తే సందే లేదు. ఏ ఎన్నికా గూటి ధర మీద గెలవలేదు, ఓడలేదు. అది ఓటరు అజ్ఞానమని పట్టిక చదివేవారు అంటారు. హిందూపురం సభలో పట్టు సుంకం ఎంత ఉంచుతారో చెప్పి, ధర్మవరం సభలో అదే అంకె మళ్లీ చెప్పే ధైర్యం ఎవరికుందో చూశాక ఆ మాట అనాలి. అడగని ప్రశ్నకు జవాబు రాయలేదని పరీక్ష తప్పించడం న్యాయం కాదు.

2024 జనవరి 16న ప్రధాని లేపాక్షి ఆలయం చూసి, పాలసముద్రంలో ఒక సంస్థను ప్రారంభించారు. కస్టమ్స్, పరోక్ష పన్నుల అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీ అది, 500 ఎకరాల్లో ఉంది. నాలుగు నెలలకు ఎన్నికలు. పొత్తులో ధర్మవరం శాసనసభ స్థానం బీజేపీ గెలిచింది, ఆధిక్యం నాలుగు వేల లోపు. ఓడరేవుల్లో ఏ సరుకు మీద ఎంత సుంకం వసూలు చేయాలో ఇప్పుడు దేశం నలుమూలల నుంచి వచ్చిన కుర్ర అధికారులు గోరంట్ల మండలంలో కూర్చుని నేర్చుకుంటున్నారు. వాళ్ల గేటు బయట 44వ నంబరు జాతీయ రహదారి. తెల్లవారుజామున హిందూపురం వైపు పల్లెల రైతులు గూళ్ల మూటలతో, పురుగు గూడు చీల్చకముందే ధర దొరకాలని, దక్షిణానికి పోయే రోడ్ల మీద రామనగర వైపు పోతుంటారు.